బైక్ హ్యాండిల్‌కు ఫోన్ బిగించే ముందు ఒక్కసారి స్ప్రింగు లెక్క వేద్దాం

ఫోన్ రివ్యూల్లో వైబ్రేషన్ అనే మాట ఎక్కడొస్తుందో గమనించారా? హాప్టిక్స్ బాగున్నాయా లేదా అని చెప్పే రెండు లైన్లలో. టైప్ చేస్తుంటే వేలికి టక్ మని తగులుతుందా, లేకపోతే పాత ఫోన్లలా జుయ్‌మని మొత్తం బాడీ ఊగుతుందా... అంతే. అక్కడి నుంచి నేరుగా బ్యాటరీ సెక్షన్‌లోకి వెళ్లిపోతాం. కానీ మార్కాపురంలో బయల్దేరి కంభం మీదుగా గిద్దలూరు దాకా హ్యాండిల్‌కు ఫోన్ బిగించుకుని, మ్యాప్స్ పెట్టుకుని తిరిగే మనిషికి వైబ్రేషన్ అంటే వేరే. ఆయన ఫోన్‌లోని కెమెరా దారి పొడవునా తినే దెబ్బ అది. దాని గురించి స్పెక్ షీట్‌లో ఒక్క గీత ఉండదు. మన రివ్యూల్లోనూ ఉండదు.

ఉండాలి అనేది నా వాదన. ఇదేదో రాకెట్ సైన్స్ కాదు. బీటెక్ థర్డ్ ఇయర్ మెకానికల్ వాళ్లు చదివే వైబ్రేషన్స్ చాప్టర్‌లో మొదటి ఇరవై పేజీలు చాలు. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలిన నాలాంటివాళ్లు మన దగ్గర వీధికి పదిమంది ఉంటారు కాబట్టి, ఈ లెక్క మనమే వేసుకుందాం.

ఆపిల్ ఏం చెప్పింది?

2021 సెప్టెంబర్‌లో ఆపిల్ తన సపోర్ట్ పేజీలో ఒక హెచ్చరిక పెట్టింది. కొన్ని ఫ్రీక్వెన్సీల్లో పెద్ద వైబ్రేషన్లు ఎక్కువసేపు తగిలితే ఐఫోన్ కెమెరాలోని ఓఐఎస్, ఆటోఫోకస్ పనితీరు తగ్గొచ్చని దాని సారాంశం. పెద్ద ఇంజిన్ బైకుల హ్యాండిల్‌కు ఫోన్ బిగించొద్దంది. చిన్న ఇంజిన్ లేదా ఎలక్ట్రిక్ మోపెడ్‌లు, స్కూటర్లయితే వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడమంది, అదీ రోజూ గంటల తరబడి వద్దంది.

సరే, మన 100 సీసీ, 125 సీసీ కమ్యూటర్ బైకులు ఇందులో ఏ డబ్బాలో పడతాయి? అది పెద్ద ఇంజిన్ కాదు, స్కూటరూ కాదు. పశ్చిమ ప్రకాశంలో రోడ్డు మీద కనిపించే బండ్లలో ఎక్కువ అవే. అంటే హెచ్చరిక రాసినవాళ్ల లెక్కలో మన బండి మధ్యలో ఎక్కడో వేలాడుతోంది. అందుకే సీసీ చూసి తేల్చే విషయం కాదిది. చూడాల్సింది ఫ్రీక్వెన్సీ.

ఇంకో సంగతి. అదే 2021 సెప్టెంబర్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కొత్త క్లాసిక్ 350 వచ్చింది. దాని ఇంజిన్‌లో బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. పిస్టన్ ఒక వైపు తోస్తుంటే దానికి ఎదురు తోసే బరువు అన్నమాట. వైబ్రేషన్ తగ్గించడానికి మూడు చోట్లున్నాయి: పుట్టే చోట, వచ్చే దారిలో, తగిలే చోట. బైక్ కంపెనీ పుట్టే చోట పని చేసింది. దారిలో ఉన్నది మౌంట్ కంపెనీ. తగిలే చోట ఉన్నది ఫోన్ కంపెనీ. మొదటివాళ్లను టెస్ట్ రైడ్ చేసి మరీ మార్కులేస్తాం. మిగతా ఇద్దరినీ ఎవరూ అడగట్లేదు.

బరువు, స్ప్రింగు, కాస్త రాపిడి

వైబ్రేషన్స్ సబ్జెక్ట్ మొత్తం ఒక్క బొమ్మ మీద నిలబడుతుంది. ఒక బరువు, దాన్ని పట్టుకున్న స్ప్రింగు, ఊపును మెల్లగా చంపే డ్యాంపర్. ఈ బరువును ఒకసారి లాగి వదిలితే తనకంటూ ఒక వేగంతో ఊగుతుంది. దాన్నే సహజ పౌనఃపున్యం, నాచురల్ ఫ్రీక్వెన్సీ అంటాం. స్ప్రింగు గట్టిదైతే ఆ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. బరువు పెరిగితే తగ్గుతుంది.

ఉయ్యాల ఊపినవాళ్లందరికీ రెండో సంగతి తెలుసు. అది వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా టైమ్‌కు ఒక చిన్న తోపు తోస్తే చాలు, చూస్తుండగానే ఎంతో పైకి లేస్తుంది. టైమ్ తప్పి ఎంత బలంగా తోసినా ఉపయోగముండదు. బయటి నుంచి వచ్చే తోపు, వస్తువు సొంత ఫ్రీక్వెన్సీ ఒకటైతే వచ్చేదే రెజొనెన్స్.

దీన్ని చూడాలంటే ల్యాబ్ అక్కర్లేదు. మీ బైక్ అద్దం చూడండి. ఏదో ఒక స్పీడ్ దగ్గర వెనకొచ్చే లారీ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. ఇంకో ఐదు కిలోమీటర్లు పెంచితే మళ్లీ క్లియర్. ఇంజిన్ బలం తగ్గిందా? లేదు, పెరిగింది. అద్దం కాడ సొంత ఫ్రీక్వెన్సీని ఇంజిన్ దాటిపోయింది, అంతే. ఇంట్లో వాషింగ్ మెషీన్ కూడా అంతే. స్పిన్ మొదలవగానే గుంజుకుంటూ ఊగి, స్పీడ్ అందుకున్నాక సర్దుకుంటుంది. మధ్యలో రెజొనెన్స్ దాటేటప్పుడే ఆ గోల.

ఫోన్‌లో హాప్టిక్స్ ఇచ్చే మోటారు కూడా ఇదే బొమ్మ. పాత ఫోన్లలో ఒక పక్కకు బరువున్న చిన్న చక్రం తిరిగేది. దాని ఊపు స్పీడ్‌ను బట్టి మారుతుంది కాబట్టి జుయ్‌మనేది. ఇప్పుడు మంచి ఫోన్లలో ఉండేది లీనియర్ మోటారు. స్ప్రింగు మీద కూర్చున్న చిన్న బరువును దాని సొంత ఫ్రీక్వెన్సీలోనే, సాధారణంగా 150 నుంచి 235 హెర్ట్జ్ మధ్యలో, కరెంటుతో తోస్తారు. తక్కువ కరెంటుకు ఎక్కువ ఊపు. మన చర్మంలో వైబ్రేషన్‌ను పసిగట్టే నరాల కొసలు 250 హెర్ట్జ్ చుట్టుపక్కలే బాగా చురుగ్గా ఉంటాయి కూడా. అంటే రెజొనెన్స్‌ను కావాలని వాడుకుంటే ప్రీమియం హాప్టిక్స్. తెలియకుండా తగిలితే కెమెరాకు దెబ్బ. సూత్రం ఒక్కటే.

కెమెరాలో ఏముంది?

ఓఐఎస్ ఉన్న కెమెరాలో లెన్స్ గానీ సెన్సర్ గానీ గట్టిగా అతికించి ఉండదు. సన్నని స్ప్రింగుల మీదో, చిన్న బాల్స్ మీదో తేలుతూ ఉంటుంది. చెయ్యి వణుకును జైరోస్కోప్ పసిగట్టగానే అయస్కాంతం, కాయిల్ కలిసి దాన్ని ఎదురు దిశలో జరుపుతాయి. మన చేతి వణుకు సెకనుకు పది సార్ల చుట్టుపక్కల ఉంటుంది. ఓఐఎస్ డిజైన్ చేసింది దాని కోసం.

మీ ఫోన్‌కు ఓఐఎస్ ఉంటే చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. చాలా ఫోన్లలో లోపల టక టక వినిపిస్తుంది. కెమెరా ఆన్ చేసి ఊపితే ఆగిపోతుంది. ఎందుకంటే కెమెరా ఆన్‌లో ఉన్నప్పుడే కాయిల్ దాన్ని పట్టుకుంటుంది. ఇప్పుడు ఆలోచించండి: హ్యాండిల్ మీద ఫోన్ పెట్టినప్పుడు మనం వాడేది మ్యాప్స్. కెమెరా ఆఫ్. అంటే వైబ్రేషన్ గట్టిగా తగిలే టైమ్‌లోనే లెన్స్‌ను పట్టుకునేవాళ్లు ఉండరు.

ఎన్నిసార్లు తగులుతుంది? ఇంజిన్ నిమిషానికి 4800 సార్లు తిరుగుతోందనుకుందాం. సెకనుకు 80, అంటే 80 హెర్ట్జ్. మార్కాపురం నుంచి గిద్దలూరు 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. గంటకు 50 స్పీడ్‌తో పోతే 72 నిమిషాలు. గుణిస్తే 3,45,600 ఊపులు. పోయి వస్తే దాదాపు 7 లక్షలు. ఒక్క రోజుకు.

ఎంత గట్టిగా? హ్యాండిల్ అటూ ఇటూ 0.1 మిల్లీమీటర్ కదులుతోందనుకుందాం. వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ. కంటికి కనిపించదు, అరచేతికి జివ్వుమంటుంది. కానీ 80 హెర్ట్జ్ దగ్గర ఆ చిన్న కదలికకే త్వరణం సెకను స్క్వేర్‌కు 25 మీటర్లు. గురుత్వాకర్షణకు రెండున్నర రెట్లు. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే, కదలిక అంతే ఉన్నా, త్వరణం నాలుగింతలవుతుంది. కంటికి కనిపించట్లేదు కదా అని కొట్టిపారేసే విషయం కాదని చెప్పడానికే ఈ లెక్క.

గట్టిగా బిగిస్తే సేఫ్ కాదు

మొబైల్ షాపులో మౌంట్ కొనేటప్పుడు మనం అడిగేది ఒక్కటే: "అన్నా, ఊడిపోదు కదా?" న్యాయమైన ప్రశ్నే. కానీ సగం ప్రశ్న. ఇనుప క్లాంపుతో కదలకుండా బిగించిన మౌంట్, హ్యాండిల్ దగ్గర ఉన్న 80 హెర్ట్జ్‌ను ఉన్నదున్నట్టు ఫోన్‌కు అప్పజెబుతుంది.

రబ్బరు ఉంటే చాలా? ఇక్కడే థర్డ్ ఇయర్ లెక్క పనికొస్తుంది. ఫోన్, మౌంట్ కలిసి ఒక స్ప్రింగు, బరువు. వాటి సొంత ఫ్రీక్వెన్సీకి, ఇంజిన్ ఫ్రీక్వెన్సీ 1.41 రెట్లు దాటితేనే ఫోన్‌కు చేరే వైబ్రేషన్ తగ్గడం మొదలవుతుంది. అంతకంటే లోపల ఉంటే రబ్బరు సాయం చేయకపోగా పెంచుతుంది.

రెండు మౌంట్లు తీసుకుందాం, డ్యాంపింగ్ పక్కనపెట్టి. మొదటిది మెత్తనిది, ఫోన్‌తో కలిపి సొంత ఫ్రీక్వెన్సీ 20 హెర్ట్జ్. 80 దగ్గర ఫోన్‌కు చేరేది పదిహేనో వంతు, దాదాపు 7 శాతం. రెండోది గట్టి రబ్బరు, సొంత ఫ్రీక్వెన్సీ 70. అదే 80 దగ్గర ఫోన్‌కు చేరేది 3.3 రెట్లు. రెండు డబ్బాల మీదా "యాంటీ వైబ్రేషన్" అనే రాసి ఉంటుంది. ఒకటి కాపాడుతుంది, ఇంకోటి మూడు రెట్లు కొడుతుంది. కొనేవాడికి తేడా తెలిసే దారి లేదు.

200 గ్రాముల ఫోన్‌కు 20 హెర్ట్జ్ రావాలంటే స్ప్రింగు గట్టిదనం మీటరుకు దాదాపు 3160 న్యూటన్లు ఉండాలి. ఇంకా తేలిక గుర్తు: ఫోన్ పెట్టగానే దాని బరువుకే మౌంట్ సుమారు 0.6 మిల్లీమీటర్ కిందికి దిగాలి. అసలు దిగనే దిగని మౌంట్ ఐసొలేషన్ చేయదు.

అలాగని దూదిలా మెత్తగా పెట్టేసినా కుదరదు. మన రోడ్లున్నాయి కదా! గుంతలో పడ్డప్పుడు చక్రం ఎగిరే ఫ్రీక్వెన్సీ 10 నుంచి 15 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. 20 హెర్ట్జ్ మౌంట్ దాన్ని ఒకటిన్నర, రెండింతలు చేసి ఫోన్‌కు ఇస్తుంది. అందుకే కాస్త డ్యాంపింగ్ కావాలి. ఆ డ్యాంపింగ్ మరీ ఎక్కువైతే ఇంజిన్ వైపు ఐసొలేషన్ తగ్గుతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. హైవే మీద తిరిగేవాడికి, కొండదారి ఊళ్లు తిరిగేవాడికి ఒకే మౌంట్ బెస్ట్ కాదు. "టాప్ 5 బైక్ మౌంట్స్" అని లిస్ట్ రాసేటప్పుడు ఈ తేడా చెప్పకపోతే అది లిస్ట్ మాత్రమే, రివ్యూ కాదు.

జేబులోనే ల్యాబ్ ఉంది, కానీ...

ఫోన్‌లో ఉండే యాక్సెలరోమీటర్ కూడా వెంట్రుకంత సైజులో చెక్కిన బరువు, స్ప్రింగే. 2024 డిసెంబర్‌లో ముండ్లమూరు, తాళ్లూరు వైపు భూమి కాస్త కదిలినప్పుడు జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. అలాంటి కదలికలను పసిగట్టడానికే ఆండ్రాయిడ్ ఫోన్లలోని ఇవే సెన్సర్లను గూగుల్ వాడుకుంటోంది. ఇండియాలో ఆ అలర్ట్ సిస్టమ్ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది, పెద్ద భూకంపాల కోసం. భూమి ఊపును పట్టే సెన్సర్ బండి ఊపును పట్టలేదా?

పడుతుంది. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీవాళ్ల ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వైబ్రేషన్ ఉందో గ్రాఫ్ వస్తుంది. దీనికి ఓఐఎస్ లేని పాత ఫోన్ వాడండి. స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో యాక్సెలరేటర్ మెల్లగా పెంచుతూ చూడండి. ఇంజిన్ స్పీడ్‌తో పాటు జరిగే శిఖరం ఇంజిన్‌ది. స్పీడ్ మారినా కదలకుండా ఒకే చోట నిలబడి, ఇంజిన్ దగ్గరికి రాగానే ఎగిసేది మౌంట్‌ది. ఈ రెండూ గుర్తుపట్టగలిగితే చాప్టర్‌లో సగం వచ్చేసినట్టే.

ఇక్కడ ఒక గోతి ఉంది, సాఫ్ట్‌వేర్ వాళ్లకు ముందే కనిపించే గోతి. సెన్సర్ సెకనుకు 100 సార్లే చూస్తుంటే 50 హెర్ట్జ్ పైన ఉన్నది నిజంగా కనిపించదు. పైగా తప్పుగా కనిపిస్తుంది. 80 హెర్ట్జ్ ఊపు 20 హెర్ట్జ్ అని గ్రాఫ్‌లో కూర్చుంటుంది. ఇంజిన్ ఊపును మౌంట్ ఊపు అనుకుని మోసపోతాం. ఆండ్రాయిడ్ 12 నుంచి స్పెషల్ పర్మిషన్ లేని యాప్‌కు సెకనుకు 200కు మించి రీడింగులు ఇవ్వరు, అంటే 100 హెర్ట్జ్ వరకే నమ్మాలి. ముందు మీ ఫోన్ రేటు ఎంతో చూసుకుని, ఆ తర్వాతే గ్రాఫ్ చూడండి.

మార్కాపురం చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదివే పిల్లలకు నేను చెప్పేది ఇదే. డైనమిక్స్ ఆఫ్ మెషినరీ పుస్తకంలో వైబ్రేషన్స్ మామూలుగా చివర్లో ఉంటుంది. పరీక్ష ముందు రాత్రి ఫార్ములా బట్టీ పట్టి రాసేస్తారు. అదే ఫార్ములాను మీ నాన్న బండి మీద, వీధి చివర పిండిమర మీద, ఇంట్లో వాషింగ్ మెషీన్ మీద వేసి చూస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత మాట ఉంటుంది. లక్షలు పోసి షేకర్ టేబుల్ కొనేదాకా ఆగక్కర్లేదు.

ఫోన్ కంటే ముందు చెయ్యి

మార్కాపురం అంటే పలక. ఒకప్పుడు బడికి పోయే పిల్లల చేతిలో పలక, ఇప్పుడు గోడలకు, నేలకు వేసే స్లేట్ టైల్స్. రాయి తీసే చోట, కోసే చోట వైబ్రేషన్ తగిలేది ఫోన్‌కు కాదు, మనిషికి. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, బెడ్‌ఫర్డ్ సున్నపురాయి చెక్కే కార్మికులను డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరిశీలించారు. గాలి ఒత్తిడితో నడిచే సుత్తులు పట్టుకున్నవాళ్ల వేళ్లు చలికి తెల్లబడి, మొద్దుబారడం ఆమె రికార్డు చేశారు. రాయి పని, చేతిలో ఊగే మిషను... మనకు కొత్త సంగతి కాదు.

యూరప్‌లో 2002 నాటి డైరెక్టివ్ ప్రకారం ఎనిమిది గంటల పనికి చేతికి తగిలే వైబ్రేషన్ సెకను స్క్వేర్‌కు 2.5 మీటర్లు దాటితే యాజమాన్యం చర్యలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు. దీన్ని ఫోన్ యాప్‌తో కొలిచి తేల్చేయొద్దు. చేతి వైబ్రేషన్ కొలిచే పద్ధతికి 1000 హెర్ట్జ్ దాకా చూడాలి, ఫోన్ అక్కడిదాకా రాదు. కానీ ఒక్కటి ఆలోచించండి. 1,000 రూపాయల మౌంట్‌లో రబ్బరు ఉందా అని అడుగుతున్నాం. రోజంతా పట్టుకునే డ్రిల్లు పిడికి రబ్బరు ఉందా అని అడగడం అంతకంటే ముందుండాలి కదా.

"అందరి ఫోన్లూ బాగానే ఉన్నాయిగా?"

ఈ మాట ఖచ్చితంగా వస్తుంది. "మా బావ రెండేళ్ల నుంచి హ్యాండిల్ మీదే పెడుతున్నాడు, ఏం కాలేదు" అని. కాకపోవచ్చు. రెజొనెన్స్ స్వభావమే అది. ఆ బండి, ఆ స్పీడ్, ఆ మౌంట్, ఆ ఫోన్... నాలుగూ కలిసి ఒక చోట పడితేనే దెబ్బ. మీ బావ 45లో పోతాడు, మీరు 55లో పోతారు. ఆయన ఫోన్‌లో ఓఐఎస్ లేదు, మీ దాంట్లో ఉంది. ఒకరి అనుభవం ఇంకొకరికి గ్యారంటీ కాదు. అందుకే నంబర్లు కావాలి.

అసలు బండి మీద స్క్రీన్ చూడడమే తప్పు అనేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకుంటా, జేబులో పెట్టుకుని ఒక చెవికి వాయిస్ వినడం ఫోన్‌కూ మంచిదే. జేబు మెత్తన, మనిషి ఒళ్లు ఇంకా మెత్తన. అంతకంటే మంచి ఐసొలేటర్ దొరకదు. కానీ డెలివరీ చేసేవాళ్లకు, రోజుకు పది ఊళ్లు తిరిగే మందుల, విత్తనాల కంపెనీల వాళ్లకు ఆ ఛాయిస్ ఎప్పుడూ ఉండదు. ఆ ఫోనే వాళ్ల ఆఫీసు. డెలివరీ ఇచ్చినట్టు ఫొటో తీసేదీ, పైరుకు పట్టిన తెగులు ఫొటో పంపేదీ ఆ కెమెరాతోనే.

కాబట్టి నేను అడిగేవి మూడు. ఫోన్ కంపెనీలు ఓఐఎస్ ఉన్న మోడళ్లకు ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర జాగ్రత్త పడాలో, బైక్ మీద వాడితే వారంటీ వర్తిస్తుందో లేదో స్పెక్ షీట్‌లోనే రాయాలి, సపోర్ట్ పేజీ లోతుల్లో కాదు. మౌంట్ అమ్మేవాళ్లు "యాంటీ వైబ్రేషన్" అనే స్టిక్కర్ బదులు 200 గ్రాముల ఫోన్‌తో సొంత ఫ్రీక్వెన్సీ ఎంతో డబ్బా మీద ఒక అంకె వేయాలి. రివ్యూలు రాసే మనం కెమెరా సెక్షన్‌లో నైట్ మోడ్ ఫొటోలతో పాటు, 60 కిలోమీటర్లు బండి మీద తిప్పి తెచ్చాక తీసిన ఫొటో కూడా పెట్టాలి.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్నవి: ఓఐఎస్ ఉన్న ఖరీదైన ఫోన్ జేబులో, మ్యాప్స్ కోసం పాత ఫోన్ హ్యాండిల్ మీద. మౌంట్ తప్పదంటే, ఫోన్ పెట్టగానే కాస్త దిగే మెత్తని రబ్బరు ఉన్నది తీసుకోండి. అద్దం అలుక్కుపోయే స్పీడ్ దగ్గర, స్క్రీన్ మీద అక్షరాలు రెండుగా కనిపించే స్పీడ్ దగ్గర ఎక్కువసేపు ఉండకండి. ఐదు కిలోమీటర్లు తగ్గించండి. ఖర్చు లేని యాంటీ వైబ్రేషన్ ఫీచర్ అదొక్కటే.